పడిశం బిళ్ల మింగి మెషిన్ ఎక్కే పిల్లల తరఫున

ఆంధ్రప్రదేశ్ క్రీడా ప్రాధికార సంస్థ (శాప్) అధ్యక్షులకు బహిరంగ లేఖ

అధ్యక్షుల వారికి,

నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన వాణ్ని. మాది నెల్లిమర్ల మండలం రామతీర్థం. మా మండలానికి ఆటలంటే పరాయి సంగతి కాదని మీకు తెలుసు. కొండవెలగాడ ఇక్కడే ఉంది. ఏ వీధిలోకి వెళ్లినా బరువులెత్తే పిల్లో పిల్లాడో కనిపించే ఊరది. ఆ ఊరమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల నుంచి పతకంతో తిరిగొచ్చినప్పుడు మండలమంతా సొంత ఇంట్లో పెళ్లిలా సంబరపడింది.

అడగదలచింది ముందే చెప్పేస్తాను. మీ సంస్థ నడిపే శిక్షణ కేంద్రాల్లో, క్రీడా హాస్టళ్లలో, జిల్లా స్టేడియాల్లో పడిశం పట్టిన పిల్లలు సాధనకి దిగే ముందు "ఏం మందు వేసుకున్నావు?" అని అడిగే ఆనవాయితీ పెట్టండి. ఆ జవాబు విన్నాక ఏం చేయాలో కోచ్‌కి తెలుగులో చెప్పే కాగితం ఒకటి అచ్చు వేయించండి. పడిశం పట్టిందని నిజం చెప్పిన పిల్లకి సెలక్షన్ పోకుండా చూడండి. ఈ మూడోది లేకపోతే మొదటి రెండూ గోడకి అంటించిన కాగితాలుగానే ఉండిపోతాయి. ఎందుకో కింద రాస్తాను.

ధనుర్మాసం మొదలయ్యేసరికి మా వైపు తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతుంది. బోడికొండ మెట్ల మీద, నెల్లిమర్ల రోడ్డు మీద ఆ మంచులోనే కుర్రాళ్లు పరుగులు తీస్తుంటారు. కొందరు ఆర్మీ ర్యాలీకి, కొందరు పోలీసు ఉద్యోగానికి, కొందరు రాష్ట్రస్థాయి పోటీలకి. కిందటి కానిస్టేబుల్ నియామకాల దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు ఆఖర్న మొదలై 2025 ఫిబ్రవరి మొదట్లో ముగిశాయి. సరిగ్గా ఊరంతా ముక్కులు చీదే కాలం. పడిశం పది రోగాల పెట్టు అని మా పెద్దవాళ్లు ఊరికే అనలేదు. పిల్లలకి మాత్రం దాన్ని రోగంగా చూసే తీరిక లేదు. మందుల షాపుకి వెళ్లి "జలుబు బిళ్ల ఇవ్వండి" అంటారు, ఒకటి మింగుతారు, పరుగుకో జిమ్‌కో పోతారు.

ఈమధ్య విజయనగరంలో జిమ్‌లు పెరిగాక వాటితోపాటు రోయింగ్ మెషిన్ వచ్చింది. తారు రోడ్డు మీద పరిగెత్తి మోకాళ్లు పాడుచేసుకున్న పిల్లలకి అది నిజంగా మేలైన సాధనం. సీటు మీద కూర్చుని, పాదాలు పట్టీల్లో బిగించి, గొలుసు కట్టిన పిడిని ఛాతీ దాకా లాగాలి. ముందు చక్రం గాలిని కోస్తూ తిరుగుతుంది. ఎంత గట్టిగా లాగితే గాలి అంత గట్టిగా ఎదురు తోస్తుంది. మోకాళ్ల మీద దెబ్బ పడదు. ఆ సుఖం వల్లే అది ఎంత కష్టమైన పనో కూర్చున్నవాడికి వెంటనే తెలియదు. తొడలు, పిరుదులు, నడుము, వీపు, భుజాలు, చేతులు అన్నీ ఒకే లాగులో రక్తం అడుగుతాయి. పడవ పందేల్లో 2,000 మీటర్ల పోటీ ఆరు నుంచి ఎనిమిది నిమిషాల్లో ముగుస్తుంది. మెషిన్ మీద పరీక్ష కూడా అదే దూరం. ఆ కొద్ది నిమిషాల్లో గుండె తన గరిష్ఠ వేగం అంచుల దాకా వెళ్లి అక్కడే నిలబడాల్సి వస్తుంది.

నా దగ్గర ఒకప్పుడు చదువుకున్న కుర్రాడొకడు అలాంటి మెషిన్ మీద రోజూ సాధన చేస్తాడు. ఎప్పుడూ లాగే వేగానికి అతని గుండె నిమిషానికి 150 దగ్గర కొట్టుకుంటుంది, ఛాతీకి పట్టీ కట్టుకుని చూసుకుంటాడు. ఒకరోజు అదే వేగానికి తెర మీద 170 దాటింది. పిడి వదిలేసి బయటికొచ్చి నాకు ఫోన్ చేశాడు. "గుండె జోరుగా కొట్టేసుకుంతంది మాస్టారూ, ఆగట్లేదు" అన్నాడు. ముందురోజు నుంచి ముక్కు దిబ్బడ, ఒళ్లు వెచ్చగా ఉంది. పొద్దున్నే జలుబు బిళ్ల వేసుకున్నాడు, మీద టీ తాగాడు, మధ్యాహ్నం దగ్గు మందు పట్టాడు. దేంట్లో ఏముందో అతనికి తెలియదు. షాపులో అడిగితే "అన్నీ జలుబుకే" అన్నారట. డాక్టరు చూసి విశ్రాంతి చెప్పారు, కుర్రాడు బాగానే ఉన్నాడు. ఆ రోజు అతను చేసిన మంచి పని ఒక్కటే, లాగడం ఆపేయడం. ఆపమని అతనికి ఎవరూ నేర్పలేదు, భయపడి ఆపాడు. భయం వేయని పిల్లల గురించే నా బెంగ.

ఆ బిళ్లలో ఏముంటుందో కొంచెం వివరంగా రాయాలి. కోచ్‌లకి కాగితం వేయించేటప్పుడు పనికొస్తుంది.

మన దుకాణాల్లో దొరికే జలుబు బిళ్లల్లో ఎక్కువ వాటిలో ఒకదానికి మూడు, నాలుగు మందులు కలిపి ఉంటాయి. పారాసెటమాల్ సాధారణంగా 500 మిల్లీగ్రాములు, ఫినైల్‌ఎఫ్రిన్ 5 లేక 10, క్లోర్‌ఫెనిరమిన్ 2, కొన్నిట్లో కెఫీన్ 30. పారాసెటమాల్ జ్వరాన్ని దించుతుంది. అది మంచిదే, కానీ ఒళ్లు చల్లబడగానే పిల్లాడు రోగం పోయిందనుకుంటాడు. వైరస్ ఒంట్లోనే ఉంటుంది, జ్వరం అనే హెచ్చరిక మాత్రమే కనబడకుండా పోతుంది. ఫినైల్‌ఎఫ్రిన్ ముక్కులో ఉబ్బిన రక్తనాళాలని ముడుచుకునేలా చేయడానికి వేస్తారు. నోటితో మింగితే దానిలో చాలా భాగం పేగుల దగ్గరే విరిగిపోతుంది. 2023 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ నిపుణుల సంఘం ఈ మందు నోటితో తీసుకుంటే ముక్కు దిబ్బడకి పని చేయడం లేదని ఏకగ్రీవంగా తేల్చింది. మరుసటి ఏడాది నవంబరులో దాన్ని దుకాణాల్లో నేరుగా అమ్మే మందుల్లోంచి తీసేయాలని ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. మన దేశంలో ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందుని నాలుగేళ్లలోపు పిల్లలకి వాడకూడదని సీసా మీద రాయమన్నారు. పెద్దలకి అది ఇంకా అంతటా అమ్ముతూనే ఉన్నారు. అంటే మా కుర్రాళ్లు డబ్బు పెట్టి కొంటున్న బిళ్లలో ముక్కు కోసం వేసిన మందు ముక్కుకి పెద్దగా పని చేయదు. రక్తపోటు ఉన్నవాళ్లు మాత్రం దాని గురించి జాగ్రత్త పడాలి.

క్లోర్‌ఫెనిరమిన్ తుమ్ములు ఆపుతుంది, మగత తెస్తుంది, నోరు ఎండగడుతుంది. చాలామంది కోచ్‌లకి తెలియని సంగతి ఇంకొకటుంది. గుండెకి కళ్లెంలా పనిచేసే వేగస్ నరం పట్టుని ఈ జాతి మందులు కొంచెం వదులు చేస్తాయి. చెమట కూడా తగ్గిస్తాయి. మా వైపు ఉక్కలో, ఫ్యాన్ కింద, తలుపులు మూసిన జిమ్ గదిలో చెమట సరిగ్గా పట్టకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు. గుండె వేగం ఇంకా పెరుగుతుంది. పైగా ఈ మందు ఒంట్లోంచి త్వరగా పోదు, రాత్రి వేసుకున్న బిళ్ల మర్నాడు పొద్దున సాధన వేళకి కూడా రక్తంలో ఉంటుంది. మగతలో ఉన్న పిల్లాడికి లయ తప్పుతుంది, నడుము వంకరగా లాగుతాడు. వెన్నునొప్పి అక్కడ మొదలవుతుంది.

స్యూడోఎఫెడ్రిన్ అనేది ఇంకొకటి. మత్తుమందులు తయారుచేసేవాళ్ల చేతికి పోతోందని దాని మీద దేశంలో కట్టుబాట్లు వచ్చాక మన బిళ్లల్లో చాలావరకూ దాని స్థానంలోకి ఫినైల్‌ఎఫ్రిన్ వచ్చింది. అయినా అమెరికా, గల్ఫ్, సింగపూర్ నుంచి వచ్చే మావాళ్ల సంచుల్లో అది ఊళ్లకి చేరుతూనే ఉంటుంది. నరాల చివర్ల నుంచి నారడ్రినలిన్‌ని వదిలించి ముక్కు రక్తనాళాల్ని ముడుస్తుంది, గుండెని కూడా ఉరికిస్తుంది. ఎంత ఉరికిస్తుంది? అంతకుముందు జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి లెక్కగట్టి 2005లో ప్రచురించిన సమీక్ష ప్రకారం సగటున నిమిషానికి మూడు కొట్టుకోవడాల లోపే. ఇంతేనా అనిపిస్తుంది. ఇక్కడే అందరూ పొరపడతారు, అందుకే ఈ విషయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మా కుర్రాడి గుండె వేగం ఇరవైకి పైగా పెరగడానికి ఒక్క మందే కారణం కాదు. అందులో జ్వరం వాటా ఎక్కువ. ఒంటి వేడి ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే గుండె దాదాపు పది కొట్టుకోవడాలు ఎక్కువ కొడుతుంది. 98.6 ఫారెన్‌హీట్ ఉండాల్సిన ఒళ్లు 102 దాటితే సెల్సియస్‌లో అది రెండు డిగ్రీలు, అంటే ఇరవై. ముక్కు కారడం, అన్నం సయించకపోవడం, నీళ్లు తాగకపోవడం వల్ల రక్తంలో నీరు తగ్గుతుంది. ప్రతి కొట్టుకోవడానికీ గుండె పంపే రక్తం తగ్గితే ఆ లోటుని వేగంతో పూడ్చుకుంటుంది. దాని మీద బిళ్లలోని కెఫీన్, తాగిన టీలోది. దాని మీద దగ్గు మందు. విడివిడిగా చూస్తే ప్రతిదీ చిన్నదే. అన్నీ కలిసి ఇప్పటికే గరిష్ఠానికి దగ్గరగా కొట్టుకుంటున్న గుండె మీద పడతాయి. ఇరవై ఏళ్ల కుర్రాడి గరిష్ఠ వేగం సుమారు 200. వార్మప్ దాటగానే 170 చూపిస్తుంటే అసలు కష్టానికి మిగిలేది ముప్ఫై. ఇంట్లో కూర్చుని బిళ్ల మింగినవాడికి ఏమీ కాదు, నిజమే. మెషిన్ మీద కూర్చున్నవాడి లెక్క వేరు.

దగ్గు మందు సంగతి ఇంతకంటే పెద్దది. మన దగ్గర అమ్మే సిరప్‌లలో చాలావాటిలో టెర్బుటలైన్ గానీ సాల్బుటమాల్ జాతి మందు గానీ ఉంటుంది. అవి ఉబ్బసం ఉన్నవాళ్ల ఊపిరి గొట్టాలని వదులు చేసే మందులు. మామూలు పడిశం దగ్గుకి వాటితో పెద్ద పని లేదు. మింగితే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఇవి డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సిన మందులు. మా వైపు సీసా పేరు చెప్తే ఇచ్చేస్తారు. ఉబ్బసం లేని పిల్లాడు ఈ సిరప్ పట్టి రోయింగ్ మెషిన్ ఎక్కితే, మెషిన్ చేయించే పనిని మందు ముందే మొదలుపెట్టేసినట్టు అవుతుంది.

దీనికి ఆట నిషేధం కూడా తోడవుతుంది. క్రికెటర్ పృథ్వీ షా సంగతి మన పిల్లలందరికీ తెలుసు. 2019 ఫిబ్రవరిలో ఇండోర్‌లో సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ మ్యాచ్ సందర్భంగా డోపింగ్ పరీక్షకి ఇచ్చిన నమూనాలో నిషిద్ధ మందు టెర్బుటలైన్ బయటపడింది. దగ్గు సిరప్ తాగానని ఆయన చెప్పారు. కావాలని చేయలేదని బీసీసీఐ ఒప్పుకుంది, అయినా ఎనిమిది నెలలు ఆట మాన్పించింది. భారత జట్టుకి ఆడిన ఆటగాడు ఆయన. పక్కన డాక్టర్లు, ఫిజియోలు, ఫోన్ చేస్తే పలికే అధికారులు ఉన్నవాడు. ఆయనకే ఇలా జరిగితే నెల్లిమర్లలో బస్సు దిగి మూలమీద షాపులో సిరప్ కొనుక్కునే పిల్ల సంగతి ఆలోచించండి.

మెషిన్ సంగతి మాట్లాడుతున్నాం కాబట్టి పడవ పందేల్లో జరిగిందే ఒకటి చెప్పాలి. కెనడా రోయర్ సిల్కెన్ లౌమన్ 1991లో ప్రపంచ ఛాంపియన్. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కి కొద్ది వారాల ముందు కాలికి ఘోరమైన గాయమైంది, అయినా తెడ్డు పట్టి కాంస్యం గెలిచిన మనిషి. 1995లో అర్జెంటీనాలో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల్లో నలుగురి పడవలో స్వర్ణం గెలిచింది. ఆ రోజుల్లో ఆమెకి పడిశం పట్టింది. డాక్టరు సరేనన్న పేరున్న మందే కొనుక్కుంది, కానీ అదే పేరుతో అమ్మే వేరే రకం డబ్బా చేతికొచ్చింది. ఆ రెండో రకంలో స్యూడోఎఫెడ్రిన్ ఉంది. పరీక్షలో దొరికింది. పతకం ఆమెదొక్కటే పోలేదు, పడవలోని మిగతా ముగ్గురిదీ పోయింది. ఒక కంపెనీ ఒకే పేరుతో నాలుగైదు రకాల బిళ్లలు అమ్మడం మన దగ్గర కూడా మామూలే. పేరు చివర ఒక్క మాట మారితే లోపలి మందు మారుతుంది. మా పిల్లలు మొదటి మాట మాత్రమే చదువుతారు.

2000 సిడ్నీ ఒలింపిక్స్ తెలుగువాళ్లకి మరచిపోలేని పండుగ. సెప్టెంబరు 19న మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర వూసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. అవే ఒలింపిక్స్‌లో, రెండు రోజుల తర్వాత, రుమేనియాకి చెందిన పదహారేళ్ల ఆండ్రియా రాడుకన్ జిమ్నాస్టిక్స్‌లో స్వర్ణం గెలిచింది. పోటీకి ముందు జలుబుగా ఉందంటే జట్టు డాక్టరు బిళ్ల ఇచ్చాడు. అందులోనూ స్యూడోఎఫెడ్రినే. ఆ బిళ్ల వల్ల ఆమెకి ఒరిగింది ఏమీ లేదని ఒప్పుకుంటూనే స్వర్ణం వెనక్కి తీసుకున్నారు. ఆ రోజుల్లో ఆ మందుకి పెట్టిన హద్దు ఇప్పటికంటే చాలా తక్కువ. తర్వాత 2004లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) దాన్ని నిషేధ జాబితా నుంచి తీసేసి, 2010లో మళ్లీ చేర్చింది. ఇప్పుడు పోటీ సమయంలో మిల్లీలీటరు మూత్రంలో 150 మైక్రోగ్రాములు దాటితే తప్పు. మల్లీశ్వరికి పతకం వచ్చిన వారంలోనే ఒక పసిపిల్ల జలుబు బిళ్ల వల్ల పతకం పోగొట్టుకుంది. మా ఉత్తరాంధ్ర ఇళ్లలో మల్లీశ్వరి ఫొటో ఉంది. ఆ రుమేనియా పిల్ల కథ ఏ హాస్టల్లోనూ ఎవరూ చెప్పరు. చెప్పాలి.

మా కొండవెలగాడకి ఈ పరీక్షల సంగతి రెండో వైపు నుంచి తెలుసు. గ్లాస్గోలో సంతోషి మొదట గెలిచింది కాంస్యం. స్వర్ణం గెలిచిన నైజీరియా బాలికకి కూడా అప్పటికి పదహారేళ్లే. ఆమె నమూనాలో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు దొరికాయి. రక్తపోటు బిళ్లల్లో ఉండే జాతివి. ఆమె పతకం పోయి మిగతావాళ్లందరూ ఒక మెట్టు పైకి జరిగారు, సంతోషి కాంస్యం రజతమైంది. న్యాయంగా మనకి రావాల్సిందే వచ్చింది. ఆ పోటీలో అంత చిన్న వయసు పిల్లకి ఆ మందులు ఎవరు ఇచ్చారన్నది వేరే ప్రశ్న. మన పిల్లల విషయంలో ఆ ప్రశ్న ఎప్పుడూ రాకూడదన్నదే నా ఆరాటం. 2023లో వాడా లెక్కల ప్రకారం భారత్ నుంచి పరీక్షించిన 5,606 నమూనాల్లో 3.8 శాతం తప్పాయి, ఎక్కువ నమూనాలు పరీక్షించిన దేశాల్లో ఇదే అధ్వానం. అందులో తెలిసి చేసినవాళ్లు ఎందరున్నా, తెలియక మింగిన వాళ్లని కాపాడటం మన చేతిలో పని.

ఊళ్లో ఆర్‌ఎంపీల దగ్గర వేయించుకునే సూది గురించి కూడా చెప్పాలి. జ్వరం, ఒళ్లునొప్పులు అంటే చాలా చోట్ల స్టెరాయిడ్ సూది పడుతుంది. ఒక్క రాత్రిలో లేచి కూర్చుంటాడు కాబట్టి అందరికీ దాని మీద నమ్మకం. 2022 నుంచి పోటీ కాలంలో ఈ జాతి సూదులన్నీ నిషిద్ధం. ఆటలకి పోని పిల్లాడికి కూడా ఇది మంచిది కాదు, ఒంట్లో రోగం ఉండగానే బలం వచ్చినట్టు అనిపిస్తుంది. ఆ బలంతో మెషిన్ ఎక్కుతాడు. జలుబు బిళ్లలో నొప్పి మందు కలిసి ఉంటే ఇంకో ప్రమాదం. ఉద్దానం పిల్లలు పలాస, సోంపేట, కవిటి వైపు నుంచి శిక్షణకి వస్తుంటారు. మూత్రపిండాల జబ్బు తరాలుగా పీడిస్తున్న ఇళ్ల పిల్లలు వాళ్లు. చెమట పట్టి నీరు తగ్గిన ఒంట్లోకి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి పడితే ఆ భారం మూత్రపిండాల మీద పడుతుంది. వాళ్ల హాస్టళ్ల మందుల పెట్టెల్లో ఇవి ఉండకూడదని నేను గట్టిగా అడుగుతున్నాను.

అన్నిటికంటే నాకు భయం గుండె కండరం వాపు అంటే. పడిశం, ఫ్లూ, కోవిడ్ తెచ్చే వైరస్‌లు అరుదుగా గుండె కండరంలోకి దిగుతాయి. ఆ సమయంలో గుండెని గరిష్ఠ వేగానికి తరిమితే లయ తప్పి కుప్పకూలిపోయే ప్రమాదం ఉంది. ఆ జబ్బని తేలిన ఆటగాళ్లని డాక్టర్లు మూడు నుంచి ఆరు నెలలు కఠిన సాధనకి దూరం పెడతారు. జ్వరం తగ్గించే బిళ్ల వేసి సాధనకి పంపడం అంటే ఆ అరుదైన పిల్లని గుర్తుపట్టే అవకాశాన్ని మన చేతులతో మనమే పోగొట్టుకోవడం.

మరి కోచ్ చేతిలోని కాగితంలో ఏం ఉండాలి? నా ఆలోచన రాస్తాను, మీ క్రీడా వైద్యులు సరిదిద్దండి. రోగం మెడకి పైనే ఉంటే, అంటే ముక్కు కారడం, తుమ్ములు, కొంచెం గొంతు గరగర మాత్రమే ఉంటే నెమ్మదిగా, సగం బరువుతో చేయనివ్వచ్చు. పది నిమిషాల తర్వాత బాగోకపోతే ఆపేయాలి. జ్వరం, ఛాతీలో దగ్గు, ఒళ్లునొప్పులు, వాంతులు, ఛాతీ నొప్పి, దడ వీటిలో ఏ ఒక్కటున్నా మెషిన్ దగ్గరికే పోకూడదు. బిళ్ల వేసుకోక ముందు జ్వరం ఎంతుందో అడగాలి, వేసుకున్నాక చూసే జ్వరానికి విలువ లేదు. పొద్దున లేవగానే మంచం మీదే మణికట్టు దగ్గర నాడి చూసుకోవడం ప్రతి పిల్లకీ నేర్పాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే చాలు. ఆ లెక్క రోజూ నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఎప్పుడూ ఉండేదానికంటే పది ఎక్కువుంటే ఆ రోజు విశ్రాంతి. మెషిన్ మీద ఎప్పటి వేగానికే గుండె పది పదిహేను ఎక్కువ చూపిస్తే ఆపేయాలి. పిడి గట్టిగా పట్టుకున్నప్పుడు చేతి గడియారం తప్పు చూపిస్తుంది కాబట్టి ప్రతి కేంద్రానికీ ఒకటో రెండో ఛాతీ పట్టీలు ఇవ్వండి. కొన్ని వేల రూపాయల పని అది.

మందుల భాగం తెలుగు లిపిలో ఉండాలి. స్ట్రిప్ వెనక ఇంగ్లీషులో, భూతద్దం పెట్టినా కనపడని అక్షరాల్లో ఉన్నది పదో తరగతి పిల్లకి చేరదు. టెర్బుటలైన్, సాల్బుటమాల్, స్యూడోఎఫెడ్రిన్, ఎఫెడ్రిన్, స్టెరాయిడ్ పేర్లు తెలుగులో పెద్దగా రాసి, పక్కన ఇంగ్లీషు స్పెల్లింగ్ ఇస్తే స్ట్రిప్ పట్టుకుని పోల్చుకోగలరు. మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) వాళ్లు మందు పేరు కొడితే నిషిద్ధమో కాదో చెప్పే యాప్ కూడా తెచ్చారు, దాన్ని వాడటం ప్రతి కోచ్‌కి నేర్పండి. ముక్కు దిబ్బడకి ఆవిరి, ఉప్పునీటి చుక్కలు, గొంతుకి మిరియాల పాలు, నిద్ర. వీటికి ఏ పరీక్షా అడ్డు రాదు. ముక్కులో వేసుకునే మందు చుక్కలు మూడు నాలుగు రోజులు దాటి వాడితే దిబ్బడ ఇంకా పెరుగుతుందని కూడా అందులో రాయండి.

ఇప్పుడు సెలక్షన్ సంగతి. పిల్లలు ఎందుకు మింగుతారో నాకు దగ్గరగా తెలుసు. సెలక్షన్ ఆ ఒక్క రోజే ఉంటుంది. ఆ రోజు రానివాడికి మళ్లీ ఏడాది దాకా అవకాశం లేదు. ఆర్మీ ర్యాలీలో, పోలీసు పరుగులో వయసు దాటిపోయే భయం కూడా ఉంటుంది. తండ్రి నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసో, కూలికి వెళ్లో పాలకీ గుడ్లకీ డబ్బు పెట్టాడు. ఆ పిల్లాడు జ్వరమని చెప్పి ఇంట్లో కూర్చోడు. బిళ్ల మింగుతాడు, సూది వేయించుకుంటాడు, గుండె 190 కొట్టుకున్నా లాగుతాడు. ఆ పిల్లాణ్ని నేను తప్పుపట్టను. నియమం అలా రాసినవాళ్లం మనం. పోలీసు, ఆర్మీ నియామకాలు మీ చేతిలో లేవు, ఆ పెద్దలకి కూడా ఇదే మాట మీ ద్వారా చేరితే సంతోషిస్తాను. శాప్ నడిపే సెలక్షన్లు మాత్రం మీ చేతిలోనే ఉన్నాయి. ప్రభుత్వ డాక్టరు చీటీతో జ్వరమని రుజువు చేసిన పిల్లకి రెండు వారాల్లో మళ్లీ పరీక్ష పెట్టండి. అదనంగా ఒక్క రోజు మైదానం, ఇద్దరు అధికారులు. అంతకి మించి ఖర్చు లేదు. ఆ రెండో రోజు ఉందని తెలిస్తే బిళ్ల మింగే పిల్లలు సగానికి తగ్గుతారని నా నమ్మకం.

వచ్చే ధనుర్మాసం లోపల ఈ కాగితాన్ని నెల్లిమర్ల మండలంలో మొదలుపెట్టండి. కొండవెలగాడ, రామతీర్థం, నెల్లిమర్ల హైస్కూళ్లకీ, మా చుట్టుపక్కల జిమ్‌లకీ, మందుల షాపులకీ పంచే పని, ఆర్‌ఎంపీల దగ్గర కూర్చుని చదివి వినిపించే పని మాలాంటి రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయులం జీతం లేకుండా చేస్తాం. మీ వైద్యులు సరిచూసిన ప్రతి, మీ సంతకంతో సెలక్షన్ నియమం మార్పు మాకు పంపండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
రామతీర్థం, నెల్లిమర్ల మండలం,
విజయనగరం జిల్లా